అమ్మాయి కాన్పుకొస్తోంది, ఇంటికి ఏ నెట్ పెట్టించాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గ. మా ఆయనది జీడిపప్పు వ్యాపారం, ఇంటి వెనకే చిన్న గోడౌను. ఇన్నాళ్లూ ఫోన్లలో వేయించుకునే డేటాతోనే నెట్టుకొచ్చాం. ఇప్పుడు మా పెద్దమ్మాయి ఏడో నెలలో కాన్పుకి వస్తోంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సెలవు పెట్టేదాకా ఇక్కడి నుంచే పని చేస్తుందట, కాన్పయ్యాక కూడా కొన్నాళ్లు ఇంటి నుంచే చేసేలా ఆఫీసువాళ్లను ఒప్పించుకుంది. పొద్దస్తమానం వీడియో మీటింగులు. బాబు ఇంటర్ రెండో ఏడు, ఆన్‌లైన్ క్లాసులు వింటాడు. అత్తగారికి సీరియళ్లు. గోడౌన్లో రెండు సీసీ కెమెరాలు పెట్టించాలని మా ఆయన అనుకుంటున్నారు.

మా కేబులాయన ఏపీ ఫైబర్ ఇస్తానంటున్నాడు. పక్క వీధిలో ఒకాయన బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కనెక్షన్లు చూస్తాడు. జియో ఎయిర్‌ఫైబర్ కుర్రాళ్లు వచ్చి, వైరే అక్కర్లేదు, డాబా మీద పెట్టె బిగించి గంటలో ఇచ్చేస్తామన్నారు. ఇవి కాక ఊళ్లోనే ఉన్న ఒక చిన్న కంపెనీ ఏడాది డబ్బు ఒకేసారి కడితే 200 ఎంబీపీఎస్ ఇస్తానంటోంది. అది చవకని మా ఆయన అటే మొగ్గుతున్నారు. మాది సన్నగా పొడుగ్గా ఉండే పాతకాలపు ఇల్లు, అమ్మాయికి ఇచ్చే గది వెనక పెరటి వైపు. ఏది పెట్టించుకోమంటారు?
— ఒక పాఠకురాలు, పలాస

సమాధానం:

అమ్మా, ముందుగా మీ అమ్మాయికి సుఖప్రసవం కావాలని కోరుకుంటున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఇంటిదాకా ఫైబర్, అంటే వెలుతురు రూపంలో డేటాను మోసే సన్నటి గాజు తీగ, వచ్చే వీలుంది కాబట్టి ఫైబరే పెట్టించండి. ఏపీ ఫైబరా, బీఎస్ఎన్ఎల్లా అన్నది కంపెనీ పేరు చూసి తేల్చకండి. మీ వీధిలో వైరు తెగినప్పుడు నిచ్చెన పట్టుకుని ముందుగా వచ్చేది ఎవరో, వాళ్ల కనెక్షన్ తీసుకోండి. ఫైబర్ కుదరకపోతేనే ఎయిర్‌ఫైబర్ సంగతి చూడండి. ఏడాది డబ్బు మాత్రం, ఎంత చవగ్గా ఇస్తామన్నా, ఇప్పుడే ఎవరికీ కట్టొద్దు.

హైదరాబాదులో పెద్ద అపార్ట్‌మెంటుకి నాలుగైదు కంపెనీల వైర్లు వచ్చి ఉంటాయి. ఒకటి నచ్చకపోతే ఇంకోదానికి మారిపోవచ్చు. అందుకే అక్కడివాళ్లు ప్లాన్లు చూసి, రేట్లు చూసి ఎంచుకుంటారు. మీ ఊరి లాంటి చోట కంపెనీ ఏదైనా చివరి కిలోమీటరు స్థానికుడి చేతిలో ఉంటుంది. ఏపీ ఫైబర్ మొదటి నుంచీ కేబుల్ ఆపరేటర్ల ద్వారానే ఇళ్లకు చేరింది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను కలిపి ఇస్తామన్నారు. అంత తక్కువకు ఇవ్వగలిగారంటే, ఊరూరా అప్పటికే తిరుగుతున్న కేబులాయన్ని వాడుకోవడం కూడా అందుకు ఒక కారణం. బీఎస్ఎన్ఎల్ కూడా చాలా ఊళ్లలో ఫైబర్ పనిని స్థానిక భాగస్వాములకు అప్పజెప్పింది. వైరు లాగేదీ మరమ్మతు చూసేదీ వాళ్లే, బిల్లులో వాళ్లకు వాటా ఉంటుంది. కాబట్టి మీరు పోల్చి చూడాల్సింది మీ కేబులాయన్నీ, పక్క వీధి ఆయన్నీ.

ఎలా పోల్చాలంటే, వాళ్లను అడగొద్దు. ఎవరి సరుకు వాళ్లు బాగుందనే చెబుతారు. వాళ్ల కనెక్షన్ ఉన్న ఇళ్లకు వెళ్లండి. మీ వీధిలోనే, వీలైతే మీ ఇంటికి వైరు రావాల్సిన స్తంభం నుంచే కనెక్షన్ తీసుకున్నవాళ్లయితే మరీ మంచిది. ఒక్కొక్కరిదీ రెండు మూడు ఇళ్లు చాలు. "నెట్ బాగుంటుందా?" అని అడిగితే ఎవరైనా "ఆ, బానే ఉంటుంది" అంటారు. అలా కాకుండా, కిందటిసారి వానకో గాలికో పోయినప్పుడు ఎన్నాళ్లకు వచ్చింది, ఆదివారం ఫోను ఎత్తుతాడా, వచ్చినవాడు పని పూర్తి చేసి వెళ్లాడా లేక రేపొస్తానని మళ్లీ కనపడలేదా అని అడగండి. అతని దగ్గర స్ప్లైసింగ్ మిషను సొంతంగా ఉందా అనీ ఆరా తీయండి. తెగిన ఫైబరును తిరిగి అతికించే మిషను అది. ఖరీదైనది కాబట్టి అందరి దగ్గరా ఉండదు. లేనివాళ్లు ఇంకో ఊరి నుంచి మనిషిని పిలిపించాలి. ఆ మనిషికి తీరిక దొరికేదాకా మీకు నెట్ ఉండదు.

ఇక 200 ఎంబీపీఎస్ సంగతి. మీ ఆయనకు ఈ లెక్క చూపించండి. ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని. ఎనిమిది బిట్లు ఒక బైటు, కాబట్టి 100 ఎంబీపీఎస్ లైన్లో సెకనుకు దిగేది ఎక్కువలో ఎక్కువ పన్నెండున్నర మెగాబైట్లు. అది కూడా మీ ఇంటికి అవసరానికి మించినదే. మంచి నాణ్యతతో నడిచే వీడియో మీటింగుకి అటూ ఇటూ మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు. హెచ్‌డీలో సినిమాకో సీరియల్‌కో ఐదు. బాబు క్లాసు, అత్తగారి సీరియల్, అమ్మాయి మీటింగు, ఫోన్లలో మీ రీల్సూ వాట్సాపూ అన్నీ ఒకేసారి నడిచినా 20 దాటడం కష్టం. నికరంగా 40, 50 ఎంబీపీఎస్ వచ్చే లైను మీకు ధారాళంగా సరిపోతుంది.

అమ్మాయికి మీటింగులో "నీ మాట తెగిపోతోంది" అనిపించేది మాత్రం డౌన్‌లోడ్ వేగం కాదు, అప్‌లోడ్. మన మాట, మన ముఖం అవతలికి వెళ్లాలి కదా. పెద్ద అంకె చూపించి అమ్మేవాళ్లలో చాలామంది అప్‌లోడ్ గురించి ఎత్తరు. ఫైబర్లో అది దాదాపు డౌన్‌లోడ్‌కు సమానంగా ఇవ్వగలరు, కొన్ని ప్లాన్లలో తగ్గిస్తారు. అడిగి తెలుసుకోండి. మీకు కనీసం 20 ఉండాలి.

కెమెరాలకు కావాల్సింది కూడా అప్‌లోడే, ఇక్కడ ఇంకో లెక్క ఉంది. సీసీ కెమెరా దృశ్యాన్ని దానిలోని మెమరీ కార్డులో గానీ, పక్కన పెట్టే రికార్డరులో గానీ దాచుకుంటే నెట్‌కి పెద్ద భారం లేదు. మీ ఆయన ఫోన్లో తెరిచి చూసినప్పుడే డేటా ఖర్చవుతుంది. అలా కాక రాత్రింబవళ్లు క్లౌడ్‌కి, అంటే నెట్ ద్వారా ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్లకు, పంపేలా పెడితే, 2 ఎంబీపీఎస్ చొప్పున ఒక్క కెమెరా రోజుకు 21 జీబీకి పైగా, నెలకు దాదాపు 650 జీబీ తాగేస్తుంది. రెండు కెమెరాలైతే 1,300 జీబీ. ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి నెలకు 3,300 జీబీ దాకా పరిమితి ఉంటుంది, కాబట్టి ఇబ్బంది లేదు. ఎయిర్‌ఫైబర్ ప్లాన్లకు సాధారణంగా 1,000 జీబీయే. పరిమితి దాటితే నెట్ పూర్తిగా ఆగిపోదు గానీ వేగం బాగా పడిపోతుంది, సరిగ్గా నెలాఖరు మీటింగుల వేళకి. కెమెరాలు బిగించేవాడికి కార్డులోనో రికార్డరులోనో దాచేలా పెట్టమని ముందే చెప్పండి.

బ్రాడ్‌బ్యాండ్ అన్న మాటకు మన ప్రభుత్వ నిర్వచనం ప్రకారం 2 ఎంబీపీఎస్ వస్తే చాలు. 2023లో మార్చిన నిర్వచనమది, అంతకుముందు 512 కేబీపీఎస్ మాత్రమే. అందుకని కరపత్రం మీద ఆ మాట ఉందని భరోసా పడాల్సిన పనేమీ లేదు. మీ కళ్లతో చూసి తేల్చుకోవాల్సిందే.

ఎప్పుడు చూడాలంటే రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య. ఎందుకో చెబుతాను. ఫైబర్లో ఒక్కో ఇంటికీ ఆపరేటరు ఆఫీసు నుంచి విడిగా వైరు రాదు. అక్కడి నుంచి వచ్చిన ఒకే పోగును వీధిలో స్ప్లిటర్ అనే చిన్న పెట్టెతో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఆ పోగు మోసేది సుమారు 2.5 జీబీపీఎస్, అంటే 2,500 ఎంబీపీఎస్. 64 ఇళ్లూ ఒకేసారి పూర్తిగా లాగినా ఇంటికి 39 ఎంబీపీఎస్ దాకా వస్తుంది. అంటే వీధిలో వచ్చే ఇరుకు తక్కువ. అసలు ఇరుకు ఊరి అవతల ఉంటుంది. చిన్న కంపెనీ పైనున్న పెద్ద కంపెనీ దగ్గర ఇంత బ్యాండ్‌విడ్త్ (మొత్తం మీద డేటా మోసే సామర్థ్యం) అని కొనుక్కుని దాన్ని తన కస్టమర్లందరికీ పంచుతుంది. వందల ఇళ్లకు 200 చొప్పున అమ్మి పైన కొన్నది తక్కువైతే, మధ్యాహ్నం పరీక్షించినప్పుడు 200 కనిపిస్తుంది, రాత్రి అందరూ ఇంటికి చేరాక వీడియో గిర్రున తిరుగుతుంది. వీధి చివరి ఇంటి కుళాయి నీళ్లు మీకు తెలిసినవే. అందుకే ఆ కంపెనీ కనెక్షన్ ఉన్న ఇంటికి రాత్రి తొమ్మిదికి వెళ్లి, వాళ్ల రౌటరు పక్కన నిలబడి స్పీడ్ టెస్ట్ నొక్కండి. డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ మూడూ రాసుకోండి. పింగ్ అంటే మన దగ్గర్నుంచి డేటా అవతలికి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం. అది ఎంత తక్కువుంటే మాటలు అంత సాఫీగా నడుస్తాయి. ఒక్కసారి చూసి వదిలేయక మర్నాడు కూడా చూడండి.

స్థానిక చిన్న కంపెనీలన్నీ మోసమని నేను అనడం లేదు. కేంద్ర టెలికాం శాఖ ఏ, బీ, సీ తరగతులుగా లైసెన్సులు ఇస్తుంది. దేశమంతటికీ ఒకటి, రాష్ట్రం స్థాయికి ఒకటి, చిన్న ప్రాంతానికి ఒకటి. సీ తరగతి లైసెన్సుతో ఊరినంతా కంటికి రెప్పలా చూసుకునే వాళ్లున్నారు. ఇల్లు తెలుసు, మనిషి తెలుసు, ఫోను చేస్తే ఇంట్లోవాళ్లలా వస్తారు. నా అభ్యంతరం ఏడాది డబ్బు గురించే. ముందే డబ్బు పుచ్చుకున్నవాడికి మీ దగ్గరికి పరుగెత్తుకొచ్చే అవసరం తగ్గుతుంది. మధ్యలో చేతులెత్తేస్తే మిగిలిన నెలల డబ్బు రాబట్టుకోవడం చాలా కష్టం. నెలనెలా కడతాను, వానాకాలం, తుపానుల రోజులు గడిచి లైను నిలబడితే అప్పుడు ఆరు నెలలకు కడతానని చెప్పండి. దానికి ఒప్పుకునేవాడైతే మీ జాబితాలో అతన్నీ చేర్చుకోవచ్చు.

తుపాను మాట ఎందుకన్నానో మీకు చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తీరం దాటింది మీ పలాస దగ్గరే. ఉద్దానంలో కొబ్బరీ జీడీ తోటలు నేలకొరిగాయి, వేలకొద్దీ కరెంటు స్తంభాలు కూలాయి. అంతకు ముందే పైలిన్, హుద్‌హుద్ చూసిన ప్రాంతం మీది. మన రాష్ట్రంలో ఇంటి ఫైబర్ ఎక్కువ భాగం భూమిలో లేదు, స్తంభాల మీదే ఉంది. ఏపీ ఫైబర్ 20 వేల కిలోమీటర్లకు పైగా తీగను కరెంటు స్తంభాల మీదుగానే లాగింది. తవ్వకం ఖర్చు లేకుండా త్వరగా పల్లెలకు చేరడానికి అది మంచి ఆలోచనే. కానీ స్తంభం పడితే తీగా పడుతుంది. ముందు స్తంభం లేపాలి, తర్వాత కరెంటు ఇవ్వాలి, ఆ తర్వాతే ఫైబరు వంతు. పెద్ద తుపాను తర్వాత కరెంటు వచ్చిన కొన్నాళ్లకు గానీ ఫైబర్ రాదని ముందే మనసులో పెట్టుకోండి. ఏ ప్లాను తీసుకున్నా ఇది మారదు.

తుపాను లేని రోజుల్లో తీగకు హాని చేసేవి వేరే. కరెంటోళ్లు వానలకు ముందు కొమ్మలు కొట్టించేటప్పుడు తెగుతుంది. రోడ్డు వెడల్పు చేస్తూ స్తంభం జరిపినప్పుడు తెగుతుంది. కోతులు పట్టుకుని ఊగుతాయి, ఎలుకలు కొరుకుతాయి. ఎత్తుగా లోడు వేసుకుని వీధిలోకి వచ్చే లారీ లాక్కుపోతుంది. గోడౌనుకి సరుకు దింపే లారీలు మీ వీధిలోకి వస్తాయి కాబట్టి తీగ లారీ ఎత్తుకు పైన ఉండేలా కట్టించండి. ఇంటి దగ్గర పది పదిహేను మీటర్ల తీగను చుట్టగా చుట్టి వదలమనండి. తెగినప్పుడు ఆ మిగులు లాగి అక్కడికక్కడే అతికిస్తారు, లేకపోతే స్తంభం నుంచి కొత్త తీగ తెచ్చేదాకా ఆగాలి.

బిగించడానికి వచ్చినవాణ్ని ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఇంటికి ఫైబరే వస్తుందా, ఈథర్నెట్ అనే రాగి వైరు వస్తుందా? కొందరు ఫైబరు వీధి మొదట్లోనో ఎవరి డాబా మీదో ఆపేసి, అక్కడ కరెంటుతో నడిచే చిన్న స్విచ్ పెట్టి, దాన్నించి మామూలు ఈథర్నెట్ వైర్లు ఇళ్లకు ఇస్తారు. దాన్నీ ఫైబర్ అనే అమ్ముతారు. ఆ డాబా ఇంట్లో కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ పోతుంది. పిడుగు పడితే ఆ రాగి వైరు గుండా వచ్చి మీ రౌటరునూ కాల్చేస్తుంది. స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు. ఫైబరు నేరుగా ఇంట్లోకి వచ్చి ఓఎన్‌టీ అనే పెట్టెలో దిగితే, ఆపరేటరు ఆఫీసులో కరెంటుకి బ్యాకప్ ఉన్నంతసేపు మీకూ ఉంటుంది. ఆ పెట్టె మీద లాస్ అనే ఎర్ర లైటు వెలిగితే బయట తీగ తెగిందనో వంగిందనో అర్థం. అప్పుడు రౌటరు ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. ఫోనులో "ఎర్ర లైటు వెలుగుతోంది" అని చెబితే వచ్చేవాడు నిచ్చెనా మిషనూ వెంట తెచ్చుకుంటాడు. పెట్టెకు వచ్చే సన్నటి తీగను తలుపు సందులో నలిగేలా గానీ మేకుకు మడిచి గానీ పెట్టనివ్వకండి. ఎక్కువగా వంచితే వెలుతురు తీగలోంచి బయటికి కారిపోయి నెట్ మందగిస్తుంది.

ఎయిర్‌ఫైబర్‌ను కొట్టిపారేయను. స్తంభం దూరంగా ఉన్నవాళ్లకి, ఫైబర్ రాని శివారు కాలనీలకి, ఊరి బయట తోట ఇళ్లకి అది నిజంగా మేలు చేసింది. డాబా మీది పెట్టె 5జీ టవరు నుంచి సిగ్నల్ అందుకుంటుంది, అక్కడి నుంచి వైరు ఇంట్లోకి దిగుతుంది. వీధిలో తీగ తెగే గొడవ లేదు. కానీ ఆ టవరును ఊళ్లో ఆ కంపెనీ ఫోన్లు కూడా పంచుకుంటాయి. సాయంత్రం రద్దీ వేళ వేగం ఎక్కేదీ దిగేదీ ఎక్కువ, పింగ్ కూడా నిలకడగా ఉండదు. సినిమా చూస్తుంటే ఆ తేడా తెలియదు, ఎందుకంటే సినిమా కొంత ముందే దింపిపెట్టుకుంటుంది. మీటింగుకి ఆ వీలు లేదు, క్షణం తటపటాయిస్తే మాట పోతుంది. పైగా రేపు మీ ఎదుటి స్థలంలో మూడంతస్తులు లేస్తే సిగ్నల్ మారిపోవచ్చు. పనిచేసే మనిషి ఉన్న ఇంట్లో, ఫైబర్ అందుబాటులో ఉండగా దీన్ని ముందుపెట్టను.

మీ ఇంటి ఆకారం గురించి రాయడం మంచిదైంది. చాలామంది ఇక్కడే డబ్బు వృథా చేసుకుంటారు. ముందు వీధి గదిలో రౌటరు పెట్టేసి వెళ్లిపోతారు. వెనక గదిలో నెట్ రాదు. కంపెనీని తిట్టి పెద్ద ప్లానుకి మారతారు. అయినా రాదు, ఎందుకంటే లోపం లైనులో లేదు, గోడల్లో ఉంది. వైఫై సాధారణంగా రెండు రకాల తరంగాల మీద నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది గానీ నెమ్మది, పక్కిళ్ల వైఫైలన్నీ అదే దారిలో గుమిగూడతాయి. గోడలు ఆనుకుని కట్టిన మీలాంటి ఇళ్ల వరుసల్లో ఇది మరీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గానీ పాతకాలపు మందపాటి గోడలు రెండు దాటేసరికి నీరసిస్తుంది. రెండూ ఉన్న డ్యూయల్ బ్యాండ్ రౌటరే అడగండి. చవక కనెక్షన్లతో వచ్చేవాటిలో కొన్నింటికి 2.4 ఒక్కటే ఉంటుంది.

తర్వాత, ఓఎన్‌టీ ఎక్కడున్నా సరే, దాన్నుంచి ఒక క్యాట్ 6 లాన్ వైరును (పైన చెప్పిన ఈథర్నెట్ వైరులో మేలు రకం) గోడ అంచున పెరటి గదిదాకా లాగించి అక్కడ రెండో రౌటరును పెట్టించండి. వైరుకీ చిన్న రౌటరుకీ కలిపి పెద్ద ఖర్చు కాదు, ఒక్కసారి పెడితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ప్లగ్గుకి గుచ్చే రిపీటర్లు అమ్ముతారు, అవి మీటింగులకు వద్దు. అందుకున్నదాన్నే మళ్లీ గాల్లో పంపుతాయి కాబట్టి చాలావాటిలో వేగం సగానికి పడిపోతుంది. అమ్మాయి లాప్‌టాప్‌ను ఆ రెండో రౌటరుకి వైరుతోనే కలిపేస్తే వైఫై గొడవే ఉండదు. నేనైతే అదే చేయమంటాను. గోడౌను కెమెరాలకు కూడా అక్కడి నుంచే వైరు లాగొచ్చు. రౌటరును టీవీ వెనకా, ఇనప బీరువా మీదా పెట్టొద్దు.

కరెంటు. ఇన్వర్టర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉన్నా కరెంటు పోయిన క్షణంలో అటు మారేటప్పుడు రౌటర్లు ఆగి మళ్లీ లేస్తుంటాయి. లేవడానికి రెండు మూడు నిమిషాలు, ఈలోగా మీటింగు పోతుంది. రౌటర్ల కోసమే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, 12 వోల్టులవి, వెయ్యి నుంచి రెండు వేల రూపాయల లోపు. ఓఎన్‌టీకి ఒకటి, వెనక రౌటరుకి ఒకటి పెట్టండి. కొనేముందు మీ పెట్టె కింద రాసి ఉన్న వోల్టులూ ఆంపియర్లూ ఫోటో తీసుకెళ్లి సరిచూసుకోండి.

ఇంత చేసినా ఏదో ఒకనాడు లైను పోతుంది. ఆ రోజుకి అమ్మాయి ఫోన్ హాట్‌స్పాట్ ఉండాలి. ఫైబర్ ఏ కంపెనీదో ఆ కంపెనీ సిమ్ము కాకుండా వేరేదై ఉండాలి. ఒకే కంపెనీవైతే ఊళ్లోకి వచ్చే ప్రధాన తీగ తెగినప్పుడు రెండూ కలిసి పోవచ్చు. పెరటి గదిలో ఏ సిమ్ముకి సిగ్నల్ బాగుందో ముందే చూసి దానికి రీఛార్జ్ చేయించి ఉంచండి. పెద్ద ప్లానుకు పెట్టే అదనపు డబ్బు ఇలా రెండో దారికి పెట్టడం మేలని నా గట్టి అభిప్రాయం.

డబ్బు లెక్క త్వరగా చెప్పేస్తాను. ప్రచారంలో చెప్పే ధర మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. 399 అంటే 471, 499 అంటే 589, 599 అంటే 707 అనుకోండి. రౌటరుకి తీసుకునే డబ్బు తిరిగిచ్చేదా కాదా, బిగింపు ఖర్చెంత, మధ్యలో మానేస్తే ఏమిటి అన్నది కాగితం మీద రాయించుకోండి. ఓటీటీలు ఇన్ని ఉచితం, చానళ్లు ఇన్ని ఉచితం అన్న మాట విని ప్లాను ఎంచుకోకండి. అత్తగారి టీవీకి ఇప్పుడున్న కేబుల్ కనెక్షన్ అలాగే ఉంచండి, కొత్తదానిలో ఆవిడ చూసే చానళ్లన్నీ వస్తున్నాయని తేలాకే తీసేయండి.

కనెక్షన్ మీ పేరునో మీ ఆయన పేరునో ఉండాలి, ఆధార్ ఇచ్చి నమోదు చేయించుకోండి. కొందరు ఆపరేటర్లు ఎవరి పేరునో ఉన్న కనెక్షన్‌ను అటూ ఇటూ మార్చి ఇచ్చేస్తారు, అప్పుడు ఫిర్యాదు చేసే హక్కు కూడా మీది కాదు. డబ్బు ఆపరేటరు సొంత ఫోన్‌పేకి కొట్టకుండా, వీలైనంతవరకు కంపెనీ యాప్‌లో మీ కస్టమర్ నంబరు మీద కట్టండి. కంపెనీ పేరుతో జీఎస్టీ బిల్లు వస్తే అమ్మాయి ఆఫీసులో ఇంటర్నెట్ ఖర్చు తిరిగి ఇచ్చే పద్ధతి ఉందేమో అడుగుతుంది. బిల్లు ఆమె పేరునే ఉండాలంటారేమో ముందే కనుక్కోమనండి.

లైను పోయి రోజులు గడిస్తే ఆపరేటరుకి ఫోన్ చేయడంతో ఆగకండి. కంపెనీ కస్టమర్ కేర్‌కి చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తేల్చకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లోగా అప్పీలు చేయొచ్చు, ఫీజు ఉండదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీసుకోదు కాబట్టి అక్కడికి రాసి కాలం పోగొట్టుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే చెప్పుకోవచ్చు. అయితే మీ కేబులాయనతోనో పక్క వీధి ఆయనతోనో ముందు మర్యాదగా మాట్లాడండి. పదేళ్లుగా మీ వీధిలో తిరిగే మనిషికి ఇంట్లో నిండు చూలాలు ఉందనీ, ఆమె ఉద్యోగం ఈ తీగ మీదే ఉందనీ తెలిస్తే మీ ఫోనుకి దక్కే విలువ వేరు.

అమ్మాయి రావడానికి కనీసం నెల ముందు కనెక్షన్ పెట్టించండి. ఆ నెలలో వాన పడ్డ రోజూ, కరెంటు పోయిన రోజూ, రాత్రి రద్దీ వేళా పెరటి గదిలో కూర్చుని హైదరాబాదులో ఉన్న అమ్మాయితో అరగంటేసి వీడియో కాల్ మాట్లాడండి. బాబును పక్క గదిలో క్లాసు పెట్టుకోమనండి, అత్తగారికి సీరియల్ పెట్టండి. ఎక్కడ ఆగుతోందో తేలిపోతుంది. వెనక గదిలో ఆగి ముందు గదిలో బాగుంటే రెండో రౌటరు పని చూడండి. రెండు చోట్లా ఆగితే ఆ నెలతో మానేసి రెండో ఆయన్ని పిలవండి, ఏడాది డబ్బు కట్టలేదు కాబట్టి మీకు అడ్డేమీ ఉండదు.